అప్‌డేట్: ఉద్యోగం మానేసి క్రిప్టోగ్రఫీ పీహెచ్‌డీలో చేరాను

పోయినేడాది అడిగాను కదా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి పీహెచ్‌డీకి వెళ్లనా, వెళితే క్రిప్టోగ్రఫీలో (సమాచారాన్ని రహస్యంగా దాచే శాస్త్రం) ఐసోజెనీలా (ఎలిప్టిక్ కర్వ్‌లనే వక్రాల మధ్య ఉండే ప్రత్యేక మ్యాపులు) లాటిస్‌లా (క్రమంగా పేర్చిన బిందువుల జాలాలు) అని. చేరిపోయాను, లాటిస్‌లలోనే. లీనియర్ ఆల్జీబ్రా దుమ్ము దులపమన్నవారికి దండం. మొదటి సెమిస్టరంతా అదే పని. లాటిస్ క్రిప్టోగ్రఫీకి పునాదిగా పరిశోధకుడు రెగెవ్ 2005లో చెప్పిన ఎల్‌డబ్ల్యూఈ (లెర్నింగ్ విత్ ఎర్రర్స్) సమస్యలో, సమీకరణాలకు కాస్త నాయిస్ (చిన్న చిన్న తప్పులు) కలపగానే, తెలియని రాశులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ సాధించే గాసియన్ ఎలిమినేషన్ చేతులెత్తేస్తుంది. చేత్తో లెక్క వేశాక గానీ నమ్మలేదు.

ఐసోజెనీల మీద మోజు పోలేదు. కానీ 2022లో కాస్ట్రిక్, డెక్రూ అనే పరిశోధకులు కలిసి, ఐసోజెనీల మీద కట్టిన సైక్ (SIKE) అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలోని అతిచిన్న రకాన్ని ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీద సుమారు గంటలో విరగ్గొట్టారని చదివాక భయమేసింది. నా థీసిస్ మధ్యలో అలా జరిగితే? గైడ్ నవ్వి, "విరిగితే అదీ పేపరే" అన్నారు.

స్టైపెండ్ పాత జీతంలో మూడో వంతు కూడా లేదు. అమ్మకింకా అంకె చెప్పలేదు.