పాపకి తోపుడు బండి కొనాలా, అక్కర్లేదా?

మియాపూర్ అమ్మ:
మా పాపకి 11వ నెల. సోఫా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్తుంది కానీ చెయ్యి వదలట్లేదు. అత్తమ్మ మూడు చక్రాల చెక్క బండి కొందామంటున్నారు, బేగంబజార్‌లో చూశారట. మావారేమో కూర్చోబెట్టే వాకర్ తెస్తానంటున్నారు. ఏదీ కొనకపోతే నడక ఆలస్యమవుతుందా? ఫ్లాట్ నిండా నున్నటి టైల్సే.

తార్నాక, పిల్లల ఫిజియోథెరపిస్ట్:
ఏదీ కొనకపోయినా నడుస్తుందమ్మా, దిగులు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీ పిల్లలతో సహా 5 దేశాల పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు వేసింది. వాటి ప్రకారం ఒంటరిగా నడవడం 8 నెలలు దాటినప్పటి నుంచి 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా రావచ్చు.

వాకర్ మాత్రం దయచేసి తేవద్దు. అందులో పిల్ల తన బరువు తను మోయదు, మునివేళ్లతో నేలని తన్నుకుంటూ పోతుంది. మీరు తల తిప్పేలోగా మెట్ల దగ్గరో పొయ్యి దగ్గరో ఉంటుంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

చెక్క బండి అలా కాదు. నిలబడి, తన కాళ్ల మీదే తోస్తుంది. సరదాకి కొనండి, అవసరమని కాదు. కాకపోతే టైల్స్ మీద ఖాళీ బండి సర్రున ముందుకి పోతుంది, పిల్ల బోర్లా పడుతుంది. బండిలో రెండు కందిపప్పు ప్యాకెట్లు వేసి చూడండి, నెమ్మదిస్తుంది. పక్కన మనిషి ఉండాల్సిందే.

మల్కాజిగిరి తాతయ్య:
మా మనవడికి ప్లాస్టిక్ స్టూల్ బోర్లించి ఇచ్చాం తల్లీ. హాలంతా గరగరా తోసుకుంటూ తిరిగేవాడు. బండి అడగనే లేదు.

మియాపూర్ అమ్మ:
థ్యాంక్సండీ, థ్యాంక్స్ తాతయ్యగారూ. ఇంట్లో సాక్సులు వేస్తున్నాను, ఉంచాలా?

తార్నాక, పిల్లల ఫిజియోథెరపిస్ట్:
తీసేయండి. ఒట్టి కాళ్లతో ఉన్నప్పుడు వేళ్లు చూడండి, ఒరిగినప్పుడల్లా నేలని ఎలా పట్టుకుంటాయో. సాక్సుతో ఆ పట్టు దొరకదు, జారుతుంది. టీపాయ్‌ని సోఫాకి అడుగు దూరంలో పెట్టి, దాని మీద తనకిష్టమైన గిన్నె ఉంచండి. అందుకోవడానికి తనే చెయ్యి వదులుతుంది. 18 నెలలకీ నడవకపోయినా, ఒక కాలు ఈడుస్తున్నట్టు అనిపించినా పిల్లల డాక్టరుకి చూపించండి.