రాగ్‌డాల్ కింద పడ్డాక వణుకుతూనే ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న:
మూడు నెలలుగా ఒక్కడినే చిన్న గేమ్ చేస్తున్నాను. కాపలావాడు రాగ్‌డాల్‌లా, అంటే కీళ్లతో కలిపిన బొమ్మలా, మెట్ల మీద నుంచి దొర్లి పడాలి. దొర్లడం బాగానే ఉంది, కానీ పడ్డాక మెడ, భుజాలు ఆగకుండా వణుకుతున్నాయి. తలకు 5 కిలోలు, మెడకు 0.2 ఇచ్చాను. వారం రోజులుగా ఒకటే టెన్షన్.

జవాబు:
బరువుల దగ్గరే తప్పు ఉంది తమ్ముడూ. మెడకు 25 రెట్ల బరువున్న తల వేలాడుతుంటే సాల్వర్ (కీళ్ల కదలికను లెక్కగట్టి సరిచేసే ప్రోగ్రామ్ భాగం) ఆ కీలును ఒక్క ఫ్రేమ్‌లో సర్దలేదు. ప్రతిసారీ కొంచెం ఎక్కువో తక్కువో లాగుతుంది, అదే వణుకు. మెడను 2 కిలోలు చెయ్యి. నిజమైన శరీరం తూకం ఇక్కడ అక్కర్లేదు. భుజం, ఛాతీ కొలైడర్లు (ఢీకొనడం లెక్కకు వాడే ఆకారాలు) ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటే అవి ఢీకొనకుండా ఆపెయ్యి.

మరో జవాబు:
2000లో వచ్చిన హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47 గేమ్‌లో రాగ్‌డాల్‌ల కోసం థామస్ జాకబ్‌సెన్ అనే ప్రోగ్రామర్ వెర్లే అనే కదలిక లెక్కల పద్ధతి వాడారు. అందులో వేగాన్ని విడిగా దాచరు. బిందువు ఇప్పటి స్థానం, కిందటి స్థానం చాలు. బిందువుల మధ్య దూరాన్ని పదే పదే సరిచేస్తారు. 2001లో ఆయన రాసిన పేపర్ చదవండి, నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, వణుకు పోయింది! మోచెయ్యి మాత్రం వెనక్కి వంగుతోంది.

జవాబు:
అన్ని వైపులా తిరిగే కీలు పెట్టి ఉంటావు. తలుపులా ఒకే వైపు తెరుచుకునే హింజ్ పెట్టి, 0 నుంచి 140 డిగ్రీల హద్దు ఇవ్వు.