సెగంతీని పద్ధతిలో చంద్రగిరి కొండ వేస్తుంటే అంతా బూడిద రంగైపోతోంది, తప్పెక్కడ?

ప్రశ్న (తిరుపతి):
అందరికీ నమస్తే. ఇటలీ చిత్రకారుడు జొవాన్ని సెగంతీని 1891లో వేసిన 'ఆల్ప్స్‌లో మధ్యాహ్నం' చూసి, రంగులు కలపకుండా పక్కపక్కన గీతలుగా పెట్టే అదే పద్ధతిలో చంద్రగిరి కోట వెనక కొండని ఆయిల్‌లో మొదలుపెట్టాను. 18×24 అంగుళాల కాన్వాస్, తెల్ల ప్రైమర్, 6వ నెంబర్ రౌండ్ బ్రష్, లిన్సీడ్ ఆయిల్ బాగా కలిపిన రంగు. ఆకుపచ్చ పక్కన ఎరుపు, నీలం పక్కన నారింజ, అన్నీ సమానంగా గీశాను. దగ్గరికి బాగుంది. నాలుగడుగులు వెనక్కి జరిగితే బూడిద. ఎండ జాడే లేదు. రంగు ఇంకా తడిగానే ఉంది. ఆయన చదువులేని గొర్రెల కాపరి అంటారు కదా, ఆయనకెట్లా కుదిరింది?

జవాబు 1:
'అన్నీ సమానంగా' అన్నారే, బూడిదకి కారణం అదే. దూరం నుంచి కన్ను పక్కపక్క గీతలను విడదీయలేదు, సగటు చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల సగటు బూడిదే కదా. ఒక రంగు పెత్తనం చేయాలి: పచ్చిక నాలుగు పాళ్లయితే మధ్యలో దూరే ఎరుపు ఒక పాలు, అదీ సన్నగా. రెండింటి ముదురుతనం దగ్గర దగ్గరగా ఉండాలి. లేకపోతే చారల దుప్పటే.
ఇంకొకటి. ఎండ రంగుల జతల్లోంచి రాదు, లేత-ముదురు తేడాలోంచి వస్తుంది. సెగంతీని బొమ్మలో నీలం బట్టల అమ్మాయి ముదురు, వెనక పచ్చిక, ఆకాశం లేత. ముందు మీ బొమ్మని ఫొటో తీసి, దాన్ని నలుపు-తెలుపు చేసి చూడండి. అందులో ఎండ లేకపోతే ఎన్ని గీతలు గీసినా దండగ.

జవాబు 2:
పైవారు చెప్పింది సగమే సామీ. మీ అడుగు పూత తెల్లది. గీతల సందుల్లోంచి తెలుపు తొంగిచూసి రంగులన్నిటినీ వెలవెలబోయేలా చేస్తుంది. సెగంతీని ముందు కాన్వాస్ అంతా ఎర్రమట్టి రంగు పూసేవాడు. మన దగ్గర దొరికే వాటిలో లైట్ రెడ్ సరిపోతుంది. ఇండియన్ రెడ్ కాస్త వంకాయ ఛాయకి పోతుంది. టర్పెంటైన్‌తో పలుచన చేసి ఒక్క పూత వేసి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి.
6వ నెంబర్ బ్రష్ లావు. 1 లేదా 2 నెంబర్ రిగ్గర్ (పొడుగు కుచ్చు సన్న బ్రష్) తీసుకోండి. నూనె కలపొద్దు, ట్యూబులోంచి వచ్చిన గట్టి రంగే వాడండి. గీతకీ గీతకీ మధ్య సందు వదిలి, అందులో విరుద్ధ రంగు పెట్టండి. కింది రంగు పచ్చిగా ఉండగానే ఆయన సందులు నింపేవాడు, అంచులు కలిసిపోవాలని. అలా చేయాలంటే ఒక గీత, వెంటనే బ్రష్ తుడుపు. అదే గీత మీద రెండోసారి బ్రష్ ఆడిస్తే బురదే. చేయి కుదరలేదంటే మొదటి రంగు ఆరాకే సందులు నింపండి.
గీత వాలు కూడా ముఖ్యం: గడ్డి నిలువుగా, బండ దాని వాలు వెంట. చంద్రగిరి బండకి ఎర్ర అడుగు బాగుంటుంది. అదే తిరుమల కొండల ఎర్ర రాతి గోడలు వేస్తే అడుగు పూతే రాయి రంగైపోతుంది. అక్కడ సందులు వెడల్పుగా వదిలేసి, వెలుగు, నీలి నీడ మాత్రం పెట్టండి.

జవాబు 3:
గొర్రెల కాపరి మాట పట్టించుకోకండి. 1858లో ఇప్పటి ఇటలీలోని ఆర్కోలో పుట్టాడు, అప్పుడది ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. చిన్నప్పుడే తల్లి పోయింది, మిలాన్‌లో కొంతకాలం బాలనేరస్థుల ఆశ్రమంలో ఉన్నాడు. ఆ తర్వాత బ్రేరా కళా అకాడమీలో చదివాడు. ఈ గీతల పద్ధతి కూడా కొండల్లో దానంతటదే పుట్టింది కాదు. చిత్రాల వ్యాపారి విత్తోరె గ్రుబిచీ ప్రోద్బలంతో 1886లో స్విట్జర్లాండ్ కొండల్లోని సావోన్యీన్‌లో 'ఆవె మరియా' పడవ బొమ్మని మళ్లీ వేస్తూ మొదలుపెట్టాడు. 1894లో ఇంకా పైకి, మలోయాకి మారాడు.
మలోయా సుమారు 1,800 మీటర్ల ఎత్తు. మన తిరుమల 850 చిల్లర. అక్కడి గాలి పలుచన, పొడి. దూరపు శిఖరం కూడా కత్తితో కోసినట్టుంటుంది. మన దగ్గర తేమ, దుమ్ము దూరాన్ని పాలిపోయేలా చేస్తాయి. ఆ పదును వెనక వరస కొండలకి పెడితే అవి ముందుకి దూకుతాయి. పదునంతా ముందు బండకే దాచండి.
41 ఏళ్లకే, 1899 సెప్టెంబర్ 28న, షాఫ్‌బెర్గ్ కొండ మీద పనిలో ఉండగానే కడుపు లోపలి పొర వాపు, పెరిటోనైటిస్‌తో పోయాడు. అప్పటికి చేతిలో ఉన్న మూడు పెద్ద చిత్రాలు ఇప్పుడు సెయింట్ మోరిట్జ్‌లో ఉన్నాయి.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అండీ. ఈ కాన్వాస్‌ని కాపాడుకోవచ్చా? మీద ఎర్ర అక్రిలిక్ పూస్తే త్వరగా ఆరుతుందని పూయనా?

జవాబు 2:
వద్దు. నూనె మీద అక్రిలిక్ పట్టుకోదు, పొరలుగా ఊడొస్తుంది. అక్రిలిక్ కింద, ఆయిల్ పైన, అంతే. తడిగా ఉండడం మీకు మంచిదే. ప్యాలెట్ నైఫ్‌తో గీకి, టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. మిగిలిన బూడిద మరక ఉండనీయండి. ఆరాక ఆయిల్ లైట్ రెడ్ పలుచగా ఒక పూత. కార్తీకం వానల్లో ఆరడం ఇంకా ఆలస్యం, తొందరపడొద్దు.