గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని ఉంది. 1897లో నాటాల్ (దక్షిణాఫ్రికా) వెళ్ళిన ఆవిడ పుట్టింటివాళ్ళని వెతకడం ఎలా?

డర్బన్‌లో_మనోడు:
అందరికీ నమస్తే. మాది విజయనగరం సైడ్, ప్రస్తుతం డర్బన్‌లో జాబ్. మా ఇంటి ఓనర్ ఆంటీ వాళ్ళు ఇక్కడ నాలుగో తరం తెలుగువాళ్ళు, మాట్లాడ్డం పెద్దగా రాదు కానీ రామభజనలో కూర్చుంటే పాటలన్నీ కంఠతా వచ్చు. ఆవిడ అమ్మమ్మ వాళ్ళ అమ్మ 1897లో మద్రాసు నుంచి షిప్‌లో చెరకు తోటల్లో కూలికి వచ్చిందట. షిప్ లిస్టు కాపీ చూపించారు. అందులో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు 20, కులం, జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఎడమ చెంప మీద మచ్చ అని ఉన్నాయి. ఊరి పేరు దగ్గర సిరా పాకిపోయింది, చివర "పేట" ఒక్కటే కనపడుతోంది. ఆవిడ పేరు ఇక్కడ పెట్టొద్దన్నారు, మొదట్లో "కూర్మ" అని వస్తుంది. ఇంటిపేరు లేదు, భర్త పేరూ లేదు. గంజాం అంటే ఒడిశా కదా అని ఆంటీ వాళ్ళు బరంపురం వైపు ఎవరిచేతో వెతికించారు, ఏమీ తేలలేదు. పుట్టింటివాళ్ళ ఊరైనా చూడాలని ఆవిడకి ఎంత కోరికో, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ప్లీజ్.

సిక్కోలు_పాతకథలు:
తమ్ముడూ, ఒడిశా వైపు వెతకడం ఆపించేయ్ ముందు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే, ఇంగ్లీషువాళ్ళు అలాగే రాసేవారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం వేరయ్యేదాకా సిక్కోలు గంజాం జిల్లాలోనే ఉండేది, తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిపారు, విడిగా శ్రీకాకుళం జిల్లా అయింది 1950లో. పాత కాగితంలో జిల్లా పేరు చూసి ఇవాళ్టి మ్యాప్‌లో వెతికితే ఎవరికైనా ఇలాగే అవుద్ది. ఇక కూర్మ అన్న పేరంటావా, మనవైపు శ్రీకూర్మం స్వామి పేరు పిల్లలకి పెట్టుకోడం మామూలే, కూర్మమ్మ, కూర్మారావు ఎంతమందో. గుడి శ్రీకాకుళం టౌనుకి దగ్గర్లోనే ఉంది. కాబట్టి ఆ చుట్టుపక్కల పేటలు ముందు చూడొచ్చు. అయితే అది ఆధారం కాదు, ఎక్కడ మొదలెట్టాలో చెప్పే గుర్తు అంతే.

రికార్డుగది:
పై అన్న చెప్పింది కరెక్ట్. నేను ఇలాంటి లిస్టులు చాలా చూశాను, ఆడవాళ్ళని వెతికేటప్పుడు ఆవిడ పేరు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే దొరకదు, ఎందుకంటే గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, పెళ్ళయ్యాక పేరు వెనక భర్త పేరు వచ్చి చేరుద్ది, పైగా ఊళ్ళో పట్టాలన్నీ మగవాళ్ళ పేరు మీదే. మీకు తాళంచెవి ఆ నంబరు. నాటాల్‌లో కూలీకి ఇచ్చిన ఆ నంబరే తర్వాత పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి, తోట మారినప్పుడు, చాలా కాగితాలకి వెంట వచ్చేది. 1860లో మొదటి షిప్ ట్రూరో నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా వెళ్ళారు, అంతమందిలో ఒక మనిషిని విడదీసేది అదే.
ఆవిడ నంబరుకి పైనా కిందా ఒక ఇరవై పేర్లు రాసుకోండి. షిప్ ఎక్కించే ముందు కూలీల్ని ఉంచే మద్రాసు డిపోలో ఒక ఊరివాళ్ళు కలిసే ఉండేవాళ్ళు, నంబర్లు కూడా తరచూ పక్కపక్కనే పడేవి. అదే తాలూకా, అదే తండ్రి పేరు ఉన్న మగమనిషి కనపడితే తమ్ముడో అన్నో కావొచ్చు, ఊరి పేరు అక్కడ సరిగ్గా రాసుండొచ్చు. ఆ తర్వాత పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో చనిపోయినవాళ్ళ ఆస్తి ఫైళ్ళు చూడండి, డెత్ నోటీసులో తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు అడిగేవారు.

గోదారిగట్టు:
ఒకటి చెప్పాలనిపించింది. భర్త పేరు లేదు అనగానే కొంతమంది ఏదేదో ఊహిస్తారు, ఆంటీ గారికి అలాంటి మాట వినపడనివ్వకండి. వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని రూలు, అందుకని రిక్రూటర్లు విధవల్ని, దిక్కులేనివాళ్ళని వెతికి మరీ ఎక్కించేవారు. 1896-97లో మన కోస్తా జిల్లాల్లో కరువు కూడా. ఇరవై ఏళ్ళ పిల్ల, మగాడి కూలిలో సగానికి ఐదేళ్ళు పనిచేసింది, అది అయ్యాక అక్కడే ఉండిపోవాలంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను, ఆడవాళ్ళని కూడా వదల్లేదు, 1914లో గానీ ఎత్తెయ్యలేదు. అంత మోసి పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ.

డర్బన్‌లో_మనోడు:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న ఆంటీతో కూర్చుని లిస్టు మళ్ళీ చూశాం. ఆవిడకి రెండు నంబర్ల ముందే ఒకాయన, వయసు 24, తండ్రి పేరు అదే, కులం అదే, ఊరి పేరు శుభ్రంగా చదవొచ్చు! చివర పేటే. కానీ మ్యాప్‌లో ఆ పేరుతో రెండు ఊళ్ళున్నాయి, ఒకటి శ్రీకూర్మం వైపు, ఇంకోటి ఆమదాలవలస వైపు. ఏది అనుకోవాలి?

సిక్కోలు_పాతకథలు:
రెండూ చూద్దాం. పేరు నాకు మెసేజ్ పెట్టు. జమీందారీ ఊరైతే రైతుల పేర్లు 1948 జమీందారీ రద్దు చట్టం తర్వాత భూముల సెటిల్‌మెంట్‌లో రాసినవే దొరుకుతాయి, అందులో ఆ తండ్రి పేరే పెట్టుకున్న మనవడు ఉన్న కుటుంబం ఉందేమో అడగాలి, మనవడికి తాత పేరు పెట్టడం ఇక్కడ ఎలాగూ ఉంది. ఊళ్ళో ముసలోళ్ళని అడిగేటప్పుడు "మీ ఇంట్లోంచి అన్నాచెల్లెళ్ళు ఎవరైనా ఓడెక్కారా" అని అడుగుతా, ఒక్క మనిషి కంటే జంటగా పోయినోళ్ళ కబురు ఎక్కువ గుర్తుంటాది. సంక్రాంతికి ఊరెళ్తున్నా, ఆంటీ గారి ఫోటో ఒకటి పంపమను.