థెరపీలో అసలు ఏం జరుగుద్ది, ఎవరికి పనికొస్తుంది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

తెనాలి_అక్క:
మా తమ్ముడికి 27, బ్యాంకులో చేస్తాడు. కొన్నాళ్ళుగా ఉన్నట్టుండి గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, ఊపిరాడక ఇంక పోతానేమో అని భయం. అర్ధరాత్రి క్యాజువాలిటీకి పరిగెత్తాం, ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. కార్డియాలజిస్టే ఇవి పానిక్ ఎటాక్స్, సైకాలజిస్ట్ దగ్గర థెరపీ తీసుకోండి అని రాసిచ్చారు. వాడేమో నాకేమన్నా పిచ్చా అంటున్నాడు, అమ్మేమో తాయెత్తు కట్టిస్తే సరిపోద్ది అంటోంది. లోపల ఏం అడుగుతారు, మాట్లాడితే దడ ఎలా తగ్గుద్ది, కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

కూకట్‌పల్లి_కిరణ్:
అక్కా నాది అచ్చం ఇదే. మొదటి రోజు ట్రీట్‌మెంట్ ఏమీ ఉండదు, దాదాపు అంతా ప్రశ్నలే. ఎప్పుడు మొదలైంది, నిద్ర, తిండి, కాఫీ ఎంత, మందు అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు, దానికి కంగారు పడొద్దని చెప్పండి, అందర్నీ అడుగుతారు. నాకు చేసింది సీబీటీ, అంటే మన ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ. థెరపిస్ట్ కాగితం మీద గుండ్రంగా గీసి చూపించారు: కొంచెం దడ రాగానే నేను హార్ట్ ఎటాక్ అనుకుంటా, అనుకోగానే భయం, భయానికి దడ ఇంకా పెరుగుద్ది, పెరిగిందిగా నిజమే అని ఇంకా నమ్ముతా. తర్వాత కావాలనే దడ తెప్పించారు, కుర్చీలో గిరగిరా తిప్పడం, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమనడం, ఒకేచోట పరిగెత్తించడం. గుండె అంత కొట్టుకున్నా ఏమీ కాదని, దానంతటదే దిగుతుందని ఒంటికి తెలియాలంట. నేనప్పటికే మెట్రో మానేశా, లిఫ్ట్ మానేశా, నీళ్ళ బాటిల్ లేకపోతే గడప దాటేవాణ్ణి కాదు, అవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవడమే హోంవర్క్. గదిలో మాట్లాడేది వారానికి ముప్పావు గంటో గంటో, అసలు పని మిగతా వారమంతా ఇంట్లో, రోడ్డు మీద. ఇప్పటికీ అప్పుడప్పుడు దడ వస్తుంది కానీ దానికోసం ప్రయాణం ఆపను.

విశాఖ_ఎంఫిల్:
నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. కిరణ్ గారు చెప్పినట్టే ఉంటుంది, పానిక్‌కి సీబీటీ మామూలుగా 10 నుంచి 15 సెషన్లు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి అమ్మా, సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ స్పెషాలిటీ చదివిన డాక్టర్, మందులు రాసేది ఆయనే. మేము మందులు రాయం, మాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ అడిగే హక్కు మీకుంది, అడగండి. కౌన్సిలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు.
ఇక ఎవరికి పనికొస్తుందంటే, ఆందోళన, డిప్రెషన్, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం), మనిషి పోయిన దుఃఖంలోంచి బయటికి రాలేకపోవడం, తాగుడు మానాలనుకునేవాళ్ళు, మొగుడూపెళ్ళాల మధ్య మాటల్లేకపోవడం, వీటన్నిటికీ. బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ పోవడం), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినపడటం, లేనిపోని నమ్మకాలు) ఉంటే మందులే ముందు, థెరపీ దానికి తోడు. చనిపోవాలన్న ఆలోచనలుంటే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడొద్దు, 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, 2022 నుంచి ఉంది, 24 గంటలూ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే నేరుగా క్యాజువాలిటీకే.

హన్మకొండ_అమ్మ:
మా బిడ్డది ఓసీడీ అండి. ఇంటర్ల ఉన్నప్పుడు మొదలైంది, చేతులు కడుగుడు, గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని మళ్ళ మళ్ళ చూసుడు, అమ్మా నాకేం కాదు కదా అని పొద్దుగూకేదాంక అడుగుడు. మేము ఏం కాదు బిడ్డా అని చెప్పుకుంట పోయినం, అట్ల చెప్పుడే రోగానికి మేతైతుందని మాకేం తెలుసు. థెరపిస్ట్ మమ్మల్ని గూడ కూసోబెట్టి, ఆ ప్రశ్నకు ఇగ జవాబు చెప్పకున్రి అన్నది. బిడ్డనేమో చెప్పుల స్టాండ్ ముట్టుకొని చేతులు కడగకుంట ఉండుమన్నది, ముందుగాల కొంచెం సేపే, తర్వాత మెల్లమెల్లగ పెంచింది. పిల్ల ఏడుస్తుంటే తల్లి చూసుకుంట కూసునుడు ఎంత కష్టమో నాకు తెలుసు. మొదట్ల ఎక్కువైనట్టే అనిపిస్తది, గా టైంలనే చానామంది ఆపేస్తరు, ఆపకున్రి. పక్కన గోలీలు గూడ నడిచినయి. ఇప్పుడు హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నది.

నాగోల్_రమేష్:
ఇంకో సంగతి, మొదట దొరికినాయన మీకు సరిపోకపోవచ్చు. నా విడాకులప్పుడు వెళ్తే ఒకాయన గంటసేపూ సర్దుకుపోవాలి, మగాడివి ధైర్యంగా ఉండాలి అని క్లాస్ పీకాడు, అది మా మేనమామ కూడా చెప్తాడుగా. థెరపీ అంటే సలహాలు, తీర్పులు చెప్పడం కాదు. కొన్ని సెషన్లయ్యాక కూడా మనం దేనికోసం పని చేస్తున్నాం అన్నది తేలకపోతే అడగండి, సమాధానం రాకపోతే మారండి. నేను మారాకే నిద్రపట్టడం మొదలైంది.

న్యూజెర్సీ_లత:
అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, ఇక్కడ థెరపిస్ట్‌కి మామూలుగా మనం ఉండే రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి, కాబట్టి వేరే స్టేట్‌లో తెలుగావిడ దొరికిందని బుక్ చేసేముందు అది చూసుకోండి. నాకు కాన్పు తర్వాత వచ్చిన డిప్రెషన్‌కి ఇక్కడి ఆవిడే చూసింది, అత్తగారూ మామగారూ ఆరునెల్లు మాతోనే ఎందుకుంటారో చెప్పడానికి కొంత టైం పట్టింది గానీ విన్నది, అర్థం చేసుకుంది. పిల్లని ఎత్తుకోబుద్ధి కావట్లేదు అని నేను మొదటిసారి నోరు తెరిచి చెప్పింది ఆవిడ ముందే. కొత్తగా తల్లులైనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆలస్యం చేయకండి.

తెనాలి_అక్క:
అందరికీ చాలా థ్యాంక్సండీ, కిరణ్ రాసింది వాడికి చదివి వినిపించా, నాలాగే ఇంకొకడున్నాడా అన్నాడు. ఖర్చు సంగతేంటి? ఇన్సూరెన్స్ వస్తుందా? ఇంకోటి, బ్యాంకులో తెలిసిపోద్దేమో అని వాడి భయం.

విశాఖ_ఎంఫిల్:
ఫీజు ఊరిని బట్టి, మనిషిని బట్టి చాలా తేడా ఉంటుంది, ముందే ఫోన్ చేసి అడగండి. ప్రభుత్వంలో అయితే మీకు దగ్గర గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ ఓపీ, ఇటు మా విశాఖ మానసిక ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మానసిక జబ్బుకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది, కానీ చాలా పాలసీలు అడ్మిట్ అయితేనే ఇస్తాయి, ఓపీ సెషన్లకి రావు, మీ పాలసీ చదువుకోండి.
గోప్యత కూడా అదే చట్టంలో ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నా, కోర్టు ఆర్డర్ ఉన్నా, పిల్లల మీద లైంగిక వేధింపు బయటపడినా తప్ప చెప్పం, అవి కూడా మొదటి రోజే వివరిస్తాం. మీకు కూడా మీ తమ్ముడు ఒప్పుకుంటేనే చెప్తాం అమ్మా. ఆఫీసుకి తెలిసే దారి ఒకటే, బిల్లు రీయింబర్స్‌మెంట్‌కి పెడితే. దాని మీద డయాగ్నసిస్ ఉండొచ్చు, పెట్టేముందు ఒకసారి చూసుకోమనండి.