జోన్ వచ్చింది సరే, వేపాకు మందులా పనిచేసినట్టేనా?

ఎమ్మెస్సీ మైక్రో: వేపాకు పొడి మిథనాల్‌లో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ మిథనాల్‌లోనే కరిగించాను. ముల్లర్ హింటన్ అగార్‌లో (బాక్టీరియాను పెంచే జెల్లీ పొర) 6 మి.మీ. బావుల్లో పోస్తే స్టాఫ్ (స్టాఫిలోకాకస్ బాక్టీరియా) మీద 14 మి.మీ. జోన్ (బాక్టీరియా పెరగని తేట వలయం) వచ్చింది. ఈ.కోలై మీద ఏమీ లేదు. పక్కనున్న జెంటామైసిన్ (యాంటీబయాటిక్ మందు) బిళ్లకు స్టాఫ్ మీద 20 మి.మీ. 'జెంటామైసిన్‌లో 70 శాతం శక్తి' అని రాశాను. గైడ్ గారు సరే అన్నారు, ఎగ్జామినర్ గారు కొట్టేశారు. ఎవరిది సబబు?

ల్యాబ్ పాతకాపు: ఎగ్జామినర్ గారిదేనమ్మా. ఆ బిళ్లలో ఉండేది 10 మైక్రోగ్రాములు. మీరు బావిలో ఎంత పోశారు?

ఎమ్మెస్సీ మైక్రో: మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్న ద్రావణం, 100 మైక్రోలీటర్లు సార్.

ల్యాబ్ పాతకాపు: అంటే 10 మి.గ్రా., వెయ్యి రెట్లు! అంత పోసినా వెనకబడ్డదాన్ని 70 శాతం అనకూడదు. పైగా జోన్ సైజు చంపే శక్తిని బట్టే ఉండదు, పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకుతుందో దాన్ని బట్టీ ఉంటుంది. నీళ్లలో సరిగా కలవని లవంగ నూనె లాంటివి ఇక్కడే నష్టపోతాయి. అసలు ఒట్టి మిథనాల్ బావి పెట్టారా? ఒకసారి నా దగ్గరికొచ్చిన ప్లేటులో మందేమీ లేని సాల్వెంట్ (కరిగించే ద్రవం) బావి చుట్టూ 9 మి.మీ. తేటగా కనిపించింది. అప్పటినుంచి ఆ బావి లేని ప్లేటును నేను లెక్కలోకి తీసుకోను.

వనమూలిక: లెక్క ఒప్పుకుంటా సార్. కానీ ఆకును శుద్ధి చేసిన మందుతో పోల్చడమే అన్యాయం. బెర్బెరిస్ మొక్కల సంగతి చూడండి. అందులోని బెర్బెరిన్ అనే బాక్టీరియా వ్యతిరేక పదార్థాన్ని స్టాఫ్ తన కణపు పంపుతో బయటికి తోసేస్తుంది. అదే మొక్కలోని ఇంకో పదార్థం ఆ పంపును అడ్డుకుంటుంది. దానంతట అది బాక్టీరియాను ఏమీ చేయదు. ఇది 2000లో బయటపడింది. విడివిడిగా చూస్తే ఇలాంటివి చేజారిపోవా?

ల్యాబ్ పాతకాపు: మంచి మాట చెప్పారు. కానీ అది తెలిసింది విడదీసి, ఒక్కోదాని ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢత) కొలిచి, మళ్లీ కలిపి చూడబట్టే. జోన్ దగ్గరే ఆగితే మొక్కకే అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఎమ్మెస్సీ మైక్రో: ఎంఐసీ చేస్తాను సార్. కానీ సారం ముదురాకుపచ్చ, బ్రాత్ (బాక్టీరియాను పెంచే ద్రవం) మసకబారిందో లేదో కనపడదు.

ల్యాబ్ పాతకాపు: రెసజురిన్ అనే రంగు వేయండి. నీలంగానే ఉంటే పెరుగుదల ఆగినట్టు, గులాబీ అయితే బతికున్నట్టు. సారమే రంగు మార్చే ప్రమాదం ఉంది కాబట్టి బాక్టీరియా లేని సారం బావి ఒకటి, ఒట్టి సాల్వెంట్ బావి ఒకటి తప్పక పెట్టండి. మూడుసార్లు చేశాక అంకెలు ఇక్కడ పెట్టండమ్మా, చూస్తాను.