మూత వేసి వండాలా, తీసి వండాలా? డాబా మీద గ్యాస్ బార్బెక్యూ గొడవ

బరంపురం_బావ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు రోజులుగా తెగని పంచాయితీ ఇక్కడ పెడుతున్నాను. మా బావమరిది మస్కట్ నుంచి వచ్చేస్తూ మూడు బర్నర్ల గ్యాస్ బార్బెక్యూ ఒకటి సామానుతో పాటు పంపించుకున్నాడు. వచ్చే ఆదివారం డాబా మీద భోజి, అంటే విందు. మేమూ, పక్కింటి ఒడియావాళ్ళూ కలిపి పద్నాలుగు మంది. చిలికా రొయ్యలు రెండు కిలోలు, నిండు కోళ్ళు రెండు, చివర్లో మా ఆవిడ ఛెనాపొడ (విరిగిన పాల ముద్దతో కాల్చి చేసే ఒడియా మిఠాయి) చేస్తానంటోంది.

గొడవంతా మూత దగ్గర. "గ్యాస్ పెట్టెకి మూతేసీసి లోపల మంటెడితే అది పొయ్యి కాదు నాన్నా, బాంబు" అని మా మామగారు తేల్చేశారు. తేల్చి ఊరుకోలేదు. నిన్న మధ్యాహ్నం మేం కునుకు తీస్తుంటే స్క్రూలు విప్పీసి మూత పట్టుకెళ్ళి తన మంచం కింద పెట్టుకున్నారు. మూత లేకపోతే దాన్ని అంత దూరం నుంచి మోసుకురావడం ఎందుకు, ఇంట్లో స్టవ్వు లేదా అని బావమరిది అలిగాడు. ఇద్దరి మధ్యా నేను. వాడినవాళ్ళు చెప్పండి, మూత ఉండాలా వద్దా?

పర్లాకిమిడి_మేష్టారు | 9:58

నా ఓటు మీ మామగారికే. మాంసం కాలవలసింది బొగ్గుల మీద. గ్యాస్ మీద కాల్చింది పెనం మీద వేపుడుకి అన్నయ్య, అంతే. దానికి మళ్ళీ మూత ఒకటా? గండాహతి జలపాతం దగ్గరికి పిక్నిక్‌కి వెళ్తే మాకు మూడు రాళ్ళు, ఎండు పుల్లలు చాలేవి. ఏ రోజూ ఎవరి కనుబొమ్మలూ కాలలేదు.

గోపాల్‌పూర్_వంటాయన | 10:31

మేష్టారూ, కనుబొమ్మలంటే గుర్తొచ్చింది. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో పద్నాలుగేళ్ళు వంట చేశాను. లాన్‌లో ఇలాంటి గ్రిల్లులు నాలుగుండేవి. ఒక సాయంత్రం కొత్త కుర్రాడు మూత దించే ఉంచి నాబ్ తిప్పాడు, లైటర్ నొక్కాడు. అంటుకోలేదు. నాబ్ ఆపకుండా మళ్ళీ నొక్కాడు. మూడోసారికి భప్పుమంది. మూత ఎగిరి వెనక్కి పడింది. వాడి కనుబొమ్మలు, ముంజేతి మీద వెంట్రుకలు మాడిపోయి కోడి ఈకలు కాల్చిన వాసన. అంతటితో పోయింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను.

తప్పు మూతది కాదు, అది మూసి ఉన్న వేళది. మన సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు. పైకెగిరిపోదు, నీళ్ళలాగా పల్లానికి దిగుతుంది. మూసిన పెట్టెలో అయితే నిండుతుంది. అందుకని వెలిగించేటప్పుడు మూత బార్లా తెరిచే ఉండాలి. నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ ఆపీసి, మూత అలాగే వదిలేసి, ఐదు నిమిషాలు టీ తాగి రండి. ఒకసారి బర్నర్లన్నీ సరిగ్గా మండాక మూత దించడానికి భయం అక్కర్లేదు. వెనకవైపు వేడి పోయే సందులుంటాయి. వాటికి గుడ్డలు, రేకులు అడ్డం పెట్టకండి.

ఇక మీ వంటకాలు. రొయ్యలకి మూత వద్దు. జాలీ బాగా కాలాక వేసి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. వంకర తిరిగి గులాబీ రంగుకొచ్చాయంటే తీసేయాలి, ఇంకాస్త అని ఆగితే రబ్బరే. నిండు కోడి దగ్గర కథ మారుతుంది. దాన్ని మూత లేకుండా మంట మీద పెడితే పైన మసి, ఎముక దగ్గర పచ్చి నెత్తురు. ఒక చివర బర్నర్ వెలిగించి, కోడిని మంట లేని చివర పెట్టి, మూత దించాలి. అప్పుడది పొయ్యి కాదు, ఓవెన్. మూత మీద వేడి చూపించే ముల్లు 180, 200 డిగ్రీల మధ్య నిలబడేలా నాబ్ తిప్పుకోండి. కిలోంబావు కోడికి గంటా గంటంబావు. ఊరికే మూతెత్తి చూడకండి, ఎత్తినప్పుడల్లా వేడంతా పోతుంది. తొడలో లావుపాటి చోట, ఎముకకి తగలకుండా థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి.

అమ్మాయి ఛెనాపొడ కూడా ఈ పద్ధతిలోనే. సాలువాకు చుట్టి, దళసరి గిన్నెలో పెట్టి, మంట లేని వైపు. ఒడియాలో పొడా అంటేనే కాల్చినదని. పైన రంగు రావాలంటే పైనుంచి వేడి తగలాలి, మూత లేకపోతే ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? మీ మామగారిని నేరుగా ఈ ప్రశ్న అడగండి.

రాయగడ_మెకానిక్ | ఆదివారం ఉదయం 6:52

మూత గురించి ఇంత రాశారు, గొట్టం గురించి ఎవరూ అడగలేదు. గ్యాస్ స్టవ్వుల రిపేరు నా పని. నేను చూసిన మంటల్లో ఎక్కువ భాగం మొదలైంది గొట్టం దగ్గరో రెగ్యులేటర్ దగ్గరో.

బావగారూ, బయటి దేశం గ్రిల్లుతో వచ్చిన రెగ్యులేటర్ మన సిలిండర్‌కి కూర్చోదు. కూర్చోబెట్టడానికి లేతు షాపులో ఇత్తడి ముక్క చేయించి, టేపు చుట్టి బిగించినవాళ్ళని చూశాను. ఆ పని చెయ్యకండి. గ్రిల్లుకి ఒక చిన్న రేకు పలక ఉంటుంది, ఏ గ్యాస్, ఎంత ప్రెషర్ అని రాసి ఉంటుంది. మన ఇళ్ళలో రెగ్యులేటర్ ఇచ్చేది దాదాపు 30 మిల్లీబార్లు. పలక మీద అదే ఉంటే మన ఇంటి రెగ్యులేటర్‌తో నడుస్తుంది. 37 అనో 50 అనో ఉంటే తెలిసినవాళ్ళకి చూపించకుండా వెలిగించొద్దు. గొట్టం ఆ నారింజ రంగు సురక్షా గొట్టమే, ఒకే ముక్క, మధ్యలో అతుకు ఉండకూడదు. ఐదేళ్ళు దాటితే మార్చాలి. గ్రిల్లు ఒంటికి తగలనివ్వకండి.

సిలిండర్ నిలబడే ఉండాలి. పడుకోబెడితే ద్రవమే గొట్టంలోకి వస్తుంది. గ్రిల్లు కిందున్న అరలో కాదు, పక్కన, గాలి వచ్చే వైపు. సబ్బు నురగ రాసి చూడందే వెలిగించొద్దు. బుడగలొస్తే ఆ రోజుకి భోజి కింద స్టవ్వు మీదే. లీకు తెలిస్తే 1906కి ఫోన్ చెయ్యండి, ఇరవై నాలుగ్గంటలూ పలుకుతుంది.

ఇంకోటి. ఎన్నాళ్ళుగానో వాడనిదైతే బర్నర్ గొట్టాలు విప్పి లోపలికి చూడండి. సాలీళ్ళు, మట్టి గూళ్ళు కట్టే కందిరీగలు వాటిలో కాపురం పెడతాయి. అప్పుడు గ్యాస్ ముందుకి పోక వెనక్కి తన్ని నాబ్‌ల దగ్గర మంటొస్తుంది.

బరంపురం_బావ | 8:15

వంటాయన గారి మాట మామగారికి చదివి వినిపించాను. "ఓవెనైతే ఓవెన్ కొనుక్కోవచ్చు కదా" అన్నారు. మూత ఇంకా మంచం కిందే ఉంది.

ఒక సందేహం. రాత్రికి మంచు పడుతోంది, గాలి కూడా. అందుకని డాబా మీద రేకుల షెడ్డులో పెడదామనుకుంటున్నాం. మూడు వైపులా టార్పాలిన్ కట్టి ఉంది. ఫర్వాలేదా?

గుణుపురం_గౌరి | 8:21

ఫర్వాలేదా అంటారేమిటండీ అన్నయ్యగారూ! మీ మామగారు పట్టుకోవలసిన బాంబు అదే, మూత కాదు. రేకు వేడెక్కుతుంది, టార్పాలిన్ అంటుకుంటుంది, పొగా గ్యాసూ మీ మధ్యే తిరుగుతాయి. ఆరుబయట పెట్టండి, గోడకీ షెడ్డుకీ పది అడుగులు దూరంగా. ఆరేసిన బట్టలు, ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు దగ్గర్లో ఉండకూడదు. మెట్ల గది తలుపు వేసీండి, లీకైన గ్యాస్ మెట్లు దిగి ఇంట్లోకే వస్తుంది. పిట్టగోడ తూములు చెత్తతో మూసుకుపోయాయేమో కూడా చూడండి.

మరొకటి, ఇక్కడ మగవాళ్ళెవరూ చెప్పలేదు. కొవ్వు. కిందటి చలికాలం మేం కోడి ముక్కలకి ఆవనూనె దండిగా పట్టించి జాలీ నిండా పరిచాం. నూనె బొట్టు పడ్డ చోటల్లా మంట లేచింది. మా మామగారు చెంబుడు నీళ్ళు తెచ్చి పోసేశారు. నిప్పు గోడ మీదికి పాకింది. అదృష్టం బాగుండి ఎవరూ కాలలేదు గానీ పిట్టగోడ మీద ఆ నల్ల మరక ఇంకా ఉంది, సున్నం రెండు పూతలేసినా కనబడుతుంది. అప్పట్నుంచి నూనె తుడిచి పెడతాను, జాలీలో మూడో వంతు ఖాళీ ఉంచుతాను. మంట లేస్తే ముక్కల్ని ఆ ఖాళీలోకి జరపడమే. కింద ట్రేలో కొవ్వు ప్రతిసారీ పారబోసి కడగాలి. ట్రేలోనే అంటుకుంటే ముందు గ్యాస్ ఆపాలి, నీళ్ళు మాత్రం కాదు. పక్కన బకెట్టు పొడి ఇసుక పెట్టుకోండి.

పర్లాకిమిడి_మేష్టారు | 9:40

షెడ్డు విషయంలో గౌరమ్మతో ఏకీభవిస్తాను. 2018లో తిత్లీ తుపానుకి మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడు, వాన తగ్గక, కుంపటి వసారాలోకి తెచ్చుకుని కిటికీలు వేసుకున్నాం. గంటకి అందరికీ తలనొప్పి, మా మనవరాలికి వాంతులు. తలుపు తీసేసరికి తేరుకున్నాం. కనబడే పొగ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బొగ్గయినా గ్యాసయినా నాలుగు గోడల మధ్య వద్దు.

అలాగని మూతకి ఓటేస్తున్నానని అనుకోకండి. పొగ వాసన లేని కోడి నాకొద్దు.

గోపాల్‌పూర్_వంటాయన | 9:55

మేష్టారూ, జామచెట్టు ఎండు చెక్క పేళ్ళు రేకు కాగితంలో పొట్లం కట్టి, పైన నాలుగు చిల్లులు పొడిచి, వెలిగే బర్నర్ మీద పెట్టండి. పొగ రావడం మొదలయ్యాక కోడిని పెట్టి మూత దించండి. మూత లేకపోతే ఆ పొగ మీ పొరుగువారికి. చూశారా, మళ్ళీ మూత దగ్గరికే వచ్చాం. ఆ రేకు కాగితం పొట్లం వరకే. శుభ్రంగా ఉంటుందని జాలీ మొత్తం పరిచేవాళ్ళున్నారు, అలా పరిస్తే గాలాడక వేడి కిందికి తిరిగి నాబ్‌లూ గొట్టమూ కాలతాయి.

సిమిలిగుడ_చలి | 10:12

మా కొరాపుట్ వైపు డిసెంబర్‌లో సిలిండర్ చల్లబడిపోయి మంట సన్నగిల్లుతుంది. మా కుర్రాళ్ళు సిలిండర్ పక్కన చలిమంట వేద్దామన్నారు. మీరేమంటారు?

రాయగడ_మెకానిక్ | 10:14

వాళ్ళని మంచం కింద పెట్టి తాళం వెయ్యండి. సిలిండర్ దగ్గరికి ఏ నిప్పూ రాకూడదు. మూడు బర్నర్లూ ఒకేసారి పెద్దగా పెట్టకుండా వండండి, గ్యాస్ నెమ్మదిగా పోతే అంత చల్లబడదు.

బరంపురం_బావ | వచ్చే సోమవారం ఉదయం 7:30

అయిపోయింది. ఎలా అయిందో చెప్తాను.

మెకానిక్ గారికి దండం. పలక మీద 30 ఉంది, ఇంటి రెగ్యులేటర్‌తోనే నడిచింది. బర్నర్లు విప్పి చూస్తే నడిమి గొట్టంలో చిటికెన వేలంత మట్టి గూడు. మస్కట్‌ది కాదులెండి, రెండు నెలలు మా షెడ్డులో పడుంది కదా, మన కందిరీగే. తీగతో గీకి తీసి, సబ్బు నురగ రాసి, అప్పుడు వెలిగించాం. మంట నీలంగా వచ్చింది.

మూత విషయం. శనివారం రాత్రి మా ఆవిడే వెళ్ళి "నాన్నా, ఛెనాపొడ కావాలా వద్దా" అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, వెలిగించేటప్పుడు మూత తన చేత్తో ఎత్తి పట్టుకుంటానని, రెగ్యులేటర్ పక్కన తనే కూర్చుంటానని షరతు పెట్టారు. ఒప్పుకున్నాం. రొయ్యలయ్యేదాకా మూత తీసే ఉంది, ఆయన హాయిగా ఉన్నారు. కోడికి మూత దించగానే కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరిపారు. గంట తర్వాత మళ్ళీ ముందుకొచ్చారు, వాసనకి.

ఒక కోడి బాగా వచ్చింది. రెండోదాన్ని మంటకి మరీ దగ్గరగా పెట్టాను, ఒక రెక్క బొగ్గయింది. ఛెనాపొడ అడుగు కాస్త మాడింది, పక్కింటి ఒడియా ఆవిడ మాత్రం అలాగే ఉండాలంది. చివర్లో రెగ్యులేటర్ మామగారే ఆపారు, గొట్టంలో మిగిలిన గ్యాస్ మండి ఆరిపోయేదాకా చూసి, తర్వాత నాబ్‌లు ఒక్కొక్కటీ రెండుసార్లు తిప్పి చూసుకున్నారు.

ఇప్పుడు అసలు సమస్య. మూతకి నాలుగు స్క్రూలుండాలి, మామగారు మూడే ఇచ్చారు. నాలుగోది ఎక్కడ పెట్టారో గుర్తు లేదట. ప్రస్తుతానికి మూత ఒక పక్క ఊగుతోంది. ఇలాంటి స్క్రూ పెద్దబజారులో దొరుకుతుందా?

రాయగడ_మెకానిక్ | 7:41

మంచం కింద ఇంకోసారి వెతకండి. దొరక్కపోతే మిగిలిన మూడింట్లో ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి, మర కలవాలి. అది బిగించేదాకా మూత వేసి వండొద్దు.